వైన్‌కి గాలి మంచిదా, చెడ్డదా?

వైన్ మూత తీసి "కాసేపు గాలి తగలనివ్వండి" అంటారు కదా, అందులో నిజమెంత?

1863లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్, మా వైన్ ఎందుకు పాడవుతోందో తేల్చమని లూయీ పాశ్చర్‌ని అడిగాడు. అప్పట్లో తయారీదార్లకి గాలంటేనే భయం. పాశ్చర్ గాజు గొట్టాల్లో వైన్ పోసి సీల్ చేశాడు. కొన్ని నిండుగా, కొన్నిట్లో గాలి వదిలి. నిండుగా ఉన్నవి పెద్దగా మారలేదు. గాలి ఉన్నవాటిలో రంగు మారింది, అడుగున మడ్డి పేరుకుంది. అంటే వైన్‌ని ముదిరేలా చేసేది ఆక్సిజనే! కానీ అది పీపా చెక్కలోంచి కొంచెం కొంచెంగా అందాలి. ఎక్కువైతే అదే గాలితో బ్యాక్టీరియా పెరిగి వైన్ వెనిగర్ అయిపోతుంది.

తర్వాతి శతాబ్దంలో బోర్డో ప్రొఫెసర్ ఎమీల్ పేనో ఇంకో మాట చెప్పాడు: ఎక్కువసేపు గాలిలో ఉంచితే సువాసనే పోతుంది. పైగా సీసా మెడ సన్నం, మూత తీసినంత మాత్రాన లోపలికి గాలి పెద్దగా తగలదు. గ్లాసులో పోసి తిప్పితేనే తగిలేది.

సో, తేడా అంతా మోతాదులోనే ఉంది!