పెంటదిబ్బ నుండి నానో ఎరువు వరకు

భూమి నుండి తీసికొన్నది భూమికి తిరిగి యీయవలెనను ధర్మమును మన రైతులు శాస్త్రము చదువకయే యెరిగియుండిరి. పెంటదిబ్బ యెరువు, చెరువు మన్ను, ఆముదపు పిండి, పొలములలో గొర్రెల మందలు కట్టుట, జనుము, జీలుగు, పిల్లిపెసర చల్లి పూతకు వచ్చినపుడు కలియదున్నుట తరతరములుగా వారి పద్ధతులు.

ఈ ధర్మమునకు రసాయన శాస్త్రము నాధారముగా చూపినవారిలో జర్మనీ దేశీయుడైన లీబిగ్ ముఖ్యుడు. పైరులు నేలలోని ఖనిజ లవణములను గ్రహించి పెరుగునని 1840లో ఆయన తన గ్రంథమున వివరించెను. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే యైనను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. 1909లో హేబర్ అను శాస్త్రజ్ఞుడు ఆ నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు మార్గమును నిరూపించెను. బాష్ దానిని కర్మాగారమునకు అనువుపరుపగా 1913లో ఓపౌలో ఉత్పత్తి ఆరంభమైనది. మన దేశమున 1906లో రాణిపేటలో సూపర్ ఫాస్ఫేటు, 1951లో సింద్రీలో అమ్మోనియం సల్ఫేటు తయారగుట మొదలైనది. 1960 తరువాత పొట్టి వంగడములు రాగా యూరియా బస్తా ఊరూర ప్రవేశించినది.

తిండిగింజల కరువు తీరుటలో ఈ బస్తా చేసిన సాయము మరువరానిది. కాని వేసిన నత్రజనిలో సగమైనను పైరుకందుట అరుదు. కొంత గాలిలో కలియును. కొంత నైట్రేటుగా మారి నీటితో దిగి బావులను చెరచును.

ఈ నష్టమును తగ్గింపగోరి వచ్చినవే నానో ఎరువులు. మీటరులో నూరుకోట్లవ వంతు నానోమీటరు. ఇఫ్కో సహకార సంస్థ 2021లో నానో యూరియా ద్రవమును విడుదల చేసినది. 2022లో గుజరాతులోని కలోల్ కర్మాగారము ప్రారంభమైనది. 2023లో నానో డి.ఏ.పి. వచ్చినది. సూక్ష్మకణములు ఆకుల ద్వారా లోనికి పోవుననియు, అరలీటరు సీసా ఒక యూరియా బస్తాకు సాటియనియు ఆ సంస్థ ప్రకటించినది.

ఇచట లెక్క యొకటి చూడవలెను. 45 కిలోల బస్తాలో నూటికి 46 పాళ్ల చొప్పున 20 కిలోల 700 గ్రాముల నత్రజని కలదు. మొదట వచ్చిన సీసాలో నూటికి 4 పాళ్ల చొప్పున 20 గ్రాములే. ఒక టన్ను వడ్లలోనే పది కిలోలకు పైగా నత్రజని యుండును గనుక, ఆ 20 గ్రాములు చుక్కయైనను పోక పైరుకందినను రెండు కిలోల వడ్లకు మించి చాలవు. నేలలోని నత్రజనిని పైరు మెరుగుగా వాడుకొనునట్లు అది తోడ్పడునని సమర్థకులందురు. అట్లైనను నేల నిలువ తరుగక తప్పదు. తమ పరీక్షలలో దిగుబడి పెరిగినదని సంస్థవారు చెప్పిరి. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయము వరి, గోధుమలపై రెండేండ్లు జరిపిన ప్రయోగములలో దిగుబడియు, గింజలోని మాంసకృత్తులును తగ్గినట్లు తేలినది.

కావున క్రొత్తదని మురియుటయు, క్రొత్తదని తోసివేయుటయు రెండును తగవు. భూసార పరీక్ష చేయించి, పచ్చిరొట్టను విడువక, ఒక మడిలో బస్తాయెరువును, ప్రక్క మడిలో సీసాయెరువును వాడి, కళ్లములో గింజలు వేరువేరుగా తూచి చూడవలెను. ఆ తూకము వ్రాసి గ్రంథాలయమున నుంచినచో ఊరిలోని తక్కిన రైతులకును అది దారి చూపును.