తోడులోని ఆయుధం – నిసిన్ చరిత్ర

పచ్చిపాలు ఒక పూట గడిస్తే చెడిపోతాయి. అవే పాలను కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాస్త తోడు వేస్తే పెరుగై మరునాటికీ నిలుస్తాయి. సిద్దిపేట జిల్లా ములుగులో గాని, మరే ఊరిలో గాని ఇది ప్రతి ఇల్లాలూ ఎరిగిన విషయమే. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపులో చాలా ఇతర సూక్ష్మజీవులు పెరగలేవు. అయితే ఈ జాతులలో కొన్నింటికి పులుపు గాక మరొక ఆయుధం కూడా ఉన్నది. అది కొన్ని ఆమైనో ఆమ్లాల గొలుసు, అనగా పెప్టైడు. ఇటువంటి వానిలో ప్రసిద్ధి కెక్కినది నిసిన్.

దీని జాడ మొదట ఒక బెడదగా కనిపించింది. 1928లో అమెరికాలో రోజర్స్, పాలను పులియబెట్టే ఒక స్ట్రెప్టోకాకస్ మరొక పాల సూక్ష్మజీవి పెరుగుదలను అడ్డుతున్నదని గమనించాడు. న్యూజిలాండులో ఛీజు, అనగా పాలను విరిచి మాగవేసే గట్టి పదార్థం, తయారుచేసేటప్పుడు ఒక్కొక్కసారి తోడు పనిచేసేది కాదు. 1933లో వైట్‌హెడ్ దీనికి ఒక కారణం చెప్పాడు: కొన్ని స్ట్రెప్టోకాకస్‌లు విడిచే మాంసకృత్తు వంటి పదార్థం తోడును అణచివేస్తున్నది.

1944లో ఇంగ్లండులో మాటిక్, హిర్ష్ అనే శాస్త్రజ్ఞులు ఈ పదార్థపు శక్తిని వివరించారు. 'ఎన్' వర్గపు స్ట్రెప్టోకాకస్‌ల నిరోధక పదార్థం అన్న అర్థంలో 1947 నాటికి నిసిన్ అని పేరు పెట్టారు. పెన్సిలిన్ కీర్తి మారుమోగుతున్న రోజులవి. కావున నిసిన్ కూడా గొప్ప మందు కాగలదని ఆశించారు. ఆ ఆశ నెరవేరలేదు. శరీర ద్రవాలలో అది బాగా కరగదు. నోటి ద్వారా ఇస్తే జీర్ణరసాలు దానిని ముక్కలు చేస్తాయి.

మందుకు లోపమైనదే ఆహారానికి గుణమైనది. తిన్నవారి కడుపులో సాధారణ మాంసకృత్తువలె జీర్ణమయ్యే రక్షకద్రవ్యం కంటె కావలసినదేమున్నది? 1951లో హిర్ష్, ఆయన సహచరులు ఛీజును ఉబ్బించి పాడుచేసే క్లాస్ట్రిడియంను నిసిన్ తయారుచేసే జాతులతో అరికట్టవచ్చునని చూపారు. 1969లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం దీని వాడకాన్ని అంగీకరించింది. 1971లో గ్రాస్, మోరెల్ దీని నిర్మాణాన్ని నిర్ణయించారు: 34 ఆమైనో ఆమ్లాలు, వానిలో గంధకం కలిపిన వలయాలు. శత్రువు కణకుడ్యానికి ఇటుకలు మోసే లిపిడ్–2 అనే అణువును పట్టుకొని, కణత్వచానికి రంధ్రాలు పొడుస్తుందని 1999లో తేలింది.

ములుగులో నేడు కొండా లక్ష్మణ్ బాపూజీ పేర ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. పండించిన కాయగూర చెడకుండా నిలవడం రైతుకు ఎంత ముఖ్యమో అక్కడి విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. డబ్బాలలో నిలవచేసే కూరగాయలలో వేడికి చావని సిద్ధబీజాలు మొలకెత్తకుండా నిసిన్ అడ్డుపడుతుంది.

కాని ప్రతి పెరుగులోనూ నిసిన్ ఉంటుందని భావించరాదు. బూజులపై అది పనిచేయదు; ఇ. కోలై వంటి గ్రామ్-ఋణ సూక్ష్మజీవులపై ఒంటరిగా దాని ప్రభావం బహు స్వల్పం. కావున గిన్నె శుభ్రతకు, పాలను కాచడానికి అది బదులు కాదు. వానికి తోడు మాత్రమే.