సూపర్ ఛార్జర్ కారులలో బ్లో-ఆఫ్ వాల్వు ధ్వని: కారణములు, పరీక్ష, నివారణ

సూపర్ ఛార్జర్ అమర్చిన కారులో ఇంజనునకు పోవు గాలి అధిక పీడనముతో నుండును గావున, ఆ గాలి అక్కఱలేని సమయమున దానిని బయటికి విడుచుటకో, వెనుకకు మళ్ళించుటకో యేర్పఱచిన కవాటమునకు బ్లో-ఆఫ్ వాల్వు అని పేరు. గాలిని తిరిగి సూపర్ ఛార్జర్ ప్రవేశమార్గమునకే చేర్చు దానిని బైపాస్ వాల్వు అందురు. ఈ కవాటము ధ్వనించుట యెల్లప్పుడును దోషము కాదు. ధ్వని యే సమయమున, ఏ తీరున పుట్టుచున్నదో గ్రహింపకయే స్ప్రింగు బిగించి దానిని అణచ జూచుట మాత్రము హానికరము.

చరిత్ర, భేదములు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అను సోదరులు 1860లో పేటెంటు పొందిన బ్లోయరు యంత్రము తొలుత పరిశ్రమలలో గాలిని తోలుటకు ఉపయోగపడి, పిమ్మట మోటారు ఇంజనులకును సంక్రమించినది. గోట్లీబ్ డైమ్లర్ 1885లో ఇంజనులోనికి గాలిని బలవంతముగా పంపు పద్ధతికి పేటెంటు గైకొనెను. 1921లో మెర్సిడెస్ సంస్థ బెర్లిన్ ప్రదర్శనమున సూపర్ ఛార్జర్ కారులను ప్రవేశపెట్టెను. నేడు రూట్స్, జంట మరల, సెంట్రిఫ్యూగల్ అను మూడు తెగలు ప్రధానముగా వాడుకలో నున్నవి. రూట్స్ తెగలో థ్రాటిల్ సాధారణముగా సూపర్ ఛార్జరునకు ముందును, సెంట్రిఫ్యూగల్ తెగలో దానికి తరువాతను ఉండును. ఈ రెండవ అమరికయందే ధ్వని సమస్య యధికము.

పని చేయు విధము

వాల్వు పైయరకు ఒక సన్నని రబ్బరు గొట్టము థ్రాటిల్ తరువాతి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుండి వచ్చును. యాక్సిలరేటర్ తొక్కినపుడు వాల్వు లోపలి పలుచని పొరయగు డయాఫ్రమ్‌నకు రెండు వైపులను పీడనము సమానమగుటచే స్ప్రింగు బలము వాల్వును మూసి యుంచును. కాలు తీయగనే థ్రాటిల్ మూతపడి, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఏర్పడి, అది డయాఫ్రమ్‌ను పైకి లాగుటచే వాల్వు తెఱచుకొని నిలిచిన గాలికి దారి యిచ్చును.

ఇచ్చట టర్బో ఛార్జరునకును సూపర్ ఛార్జరునకును గల భేదమును మఱువరాదు. టర్బో పొగ వేగముచే తిరుగును గావున ఇంజను ఐడ్లింగులో నున్నపుడు దాని పని స్వల్పము. సూపర్ ఛార్జరో, బెల్టు ద్వారా క్రాంక్ షాఫ్ట్‌నకు బద్ధమై, థ్రాటిల్ మూసి యున్నను ఇంజను తిరుగుచున్నంతసేపు గాలిని తోలుచునే యుండును. ఆ గాలికి ఐడ్లింగునందును మెల్లని ప్రయాణమందును నిర్గమము ఉండి తీరవలెను. టర్బో కారునకు అమరిన గట్టి స్ప్రింగు వాల్వు దీనికి పొసగకుండుటకు కారణమిదియే.

ధ్వని భేదములు

కాలు తీసిన క్షణమున ఒక్కమాఱు “హుష్” అని వినబడి ఆగుట సహజము. గాలిని బయటికి విడుచు వాల్వు గల సెంట్రిఫ్యూగల్ కారులో ఐడ్లింగు వేళ ఎడతెగని బుస వినబడుటయు దోషము కాదు. అది రుచింపని యెడల వాల్వు నోటినుండి గొట్టము వేసి, గాలిని ఎయిర్ ఫిల్టరునకును సూపర్ ఛార్జరునకును నడుమ చేర్చవలెను. ఫిల్టరు చెంత గాలిని కొలుచు సెన్సరు ఉన్న కారులలో ఈ మార్పు మఱింత యుచితము. ఏలయన కొలిచిన గాలి బయటికి పోయినచో దానికి తగిన పెట్రోలు మాత్రము లోనికి చేరి, ఇంజను తడబడి నల్లపొగ విడుచును.

కాలు తీసినపుడు పావురము ఱెక్కలు కొట్టుకొన్నట్లు టపటప ధ్వని వినబడిన యెడల నుపేక్షింపరాదు. నిర్గమము చాలని గాలి వెనుదిరిగి సూపర్ ఛార్జర్ చక్రపు ఱెక్కలపై పడుటచే నది పుట్టును. దీనినే సర్జ్ అందురు. తఱచుగా జరిగినచో బేరింగులు చెడును. గట్టి స్ప్రింగు, పగిలిన లేక మిక్కిలి పొడవైన గొట్టము, అదే గొట్టమునుండి వేఱు పరికరములకు శాఖలు తీయుట, మురికిచే వాల్వు లోపలి పిస్టన్ పట్టివేయుట, వాల్వు పరిమాణము చాలకపోవుట దీని కారణములు.

నిలుకడ వేగమున పోవునపుడు వచ్చు గరగర ధ్వనికి, వాక్యూమ్ స్ప్రింగు బలముతో దాదాపు సమానమై వాల్వు తెఱచుట మూయుటల నడుమ ఊగులాడుట హేతువు. 2002–2006 నాటి మినీ కూపర్ ఎస్ కారునందలి ఈటన్ ఎం45 రూట్స్ యంత్రమున, బైపాస్ ఱెక్క హఠాత్తుగా కదలుటచే వేగము తగ్గుచు హెచ్చుచుండుటను దాని యజమానులు “యో-యో” అని పిలుతురు. ఇక గట్టిగా తొక్కినపుడు వినబడు ఈల గాని బుస గాని గాలి కాఱుటకు గుఱుతు; దానితో బూస్టు (అధిక గాలి పీడనము) గేజి ముల్లును తగ్గును.

పరీక్షా క్రమము

ముందుగా ధ్వని వాల్వుదో కాదో తేల్చుకొనవలెను. బెల్టు కీచు, ఐడ్లరు పుల్లీ బేరింగు రొద, ఈటన్ యంత్రములలో అరిగిన కప్లర్ ఐడ్లింగున చేయు గలగల తఱచు వాల్వునకు ఆపాదింపబడుచుండును. వదులు వస్త్రములను బెల్టునకు దూరముగా నుంచి, ఒక రబ్బరు గొట్టపు కొనను చెవి చెంతను, రెండవ కొనను అనుమానిత స్థలము చెంతను పెట్టి వినినచో పుట్టుచోటు తెలియును.

పిమ్మట వాల్వును విప్పి, చేతి వాక్యూమ్ పంపును దాని పైగొట్టమునకు తగిలించి, 15 నుండి 20 అంగుళముల పాదరసము వఱకు లాగవలెను. వాల్వు అడ్డులేక తెఱచుకొనవలెను. గేజి ముల్లు ఒక నిమిషము కదలక నిలువవలెను. ముల్లు క్రమముగా దిగినచో డయాఫ్రమ్ చిరిగినదని నిశ్చయింపవచ్చును. అయితే డయాఫ్రమ్ బదులు పిస్టన్ గల వాల్వులలో స్వల్పముగా దిగుట సహజము. తెఱచుట కుదుపులతో సాగినచో లోపల జిడ్డు గాని గీతలు గాని యుండును.

గాలి కాఱుటను పట్టుటకు, ఇంజను ఆపి, ప్రవేశమార్గము మూసి, చదరపు అంగుళమునకు 5 పౌనుల మించని పీడనము నింపి, కీళ్ళపై సబ్బునీరు పూయవలెను. బుడగలు లేచిన చోటు దోషస్థానము. ఈ పరీక్షలో థ్రాటిల్ తెఱచి యుంచుట ముఖ్యము. లేనిచో వాల్వు పైయరకు పీడనము అందక, అది తెఱచుకొని లేని దోషమును చూపును.

నివారణ

గట్టిపడిన గొట్టమును మార్చి, క్రొత్తదానిని పొట్టిగా, శాఖలు లేకుండ, మానిఫోల్డ్‌నుండి నేరుగా వేయుట తొలిపని. అల్పవ్యయమగు నీ పనితోనే అనేక కారుల దోషము తీరును. ఓ-రింగులు, గాస్కెట్టు, క్లిప్పులు తరువాతివి. పిస్టన్‌ను శుభ్రపఱచి, వాల్వు తయారీదారు చెప్పిన నూనెను మాత్రమే పలుచగా పూయవలెను.

స్ప్రింగు వంతు చివఱిది. ఆరోగ్యవంతమైన ఇంజను సముద్రమట్టమున ఐడ్లింగు వేళ సుమారు 18 నుండి 22 అంగుళముల వాక్యూమ్ చూపును. ప్రతి వేయి అడుగుల యెత్తునకు ఒక అంగుళము తగ్గును. స్ప్రింగు ఆ కారు నిజముగా చూపు వాక్యూమ్‌నకు లొంగునదై యుండవలెనే గాని, పెట్టెపై వ్రాసిన అంకెకు కాదు. టపటప వినబడినచో స్ప్రింగును మెత్తపఱచవలెను; తొక్కినపుడు వాల్వు గాలిని నిలుపలేనిచో గట్టిపఱచవలెను; ఏ మార్పైనను కొద్దికొద్దిగా చేసి, అదే గేరులో, అదే వేగమున నడిపి చూడవలెను. బూస్టు ముల్లు పూర్వపు టెత్తును అందుకొని, కాలు తీసినపుడు టపటప లేక, ఐడ్లింగు నిలుకడగా నున్నచో పని పూర్తియైనదని యెంచవలెను; అటుపై మిగిలిన హుష్ ధ్వనిని మాన్పుటకు ప్రయత్నింపక విడుచుటయే యంత్రమునకు మేలు.