త్రీ నాట్ త్రీ ఎవరిది?

డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో నా చేతికి తొలిసారి ఒక త్రీ నాట్ త్రీ రైఫిల్ ఇచ్చారు. దాదాపు నాలుగు కిలోల బరువు. ఎందరి చేతుల చెమటో ఇంకి చెక్క నల్లబడింది. గొట్టానికి ఒకచోట బెజ్జం వేసి, ఎన్నటికీ పేలకుండా చేశారు. పైన డీపీ అని పెయింటుతో రాసి ఉంది. డ్రిల్లుకు మాత్రమే పనికివస్తుందని అర్థం. దాన్ని భుజానికెత్తడం, దించడం, సలాము చేయడం నేర్పారు. కాల్చడం నేర్చుకోవడానికి వేరే చిన్న పాయింట్ టూ టూ రైఫిల్ ఉండేది. ఆ డీపీ తుపాకీ ఉక్కు మీద ఒక కిరీటం బొమ్మ, జీఆర్ఐ అనే మూడక్షరాలు, ఇషాపూర్ అనే ఊరి పేరు, అరిగిపోయిన ఒక సంవత్సరం కనిపించేవి. ఆ అక్షరాలేమిటని హవల్దారు గారిని అడిగితే, "జార్జి రాజుగారిది లెండి" అని నవ్వి ఊరుకున్నారు.

ఆయన చెప్పింది తప్పేమీ కాదు. రాజూ, చక్రవర్తీ అయిన జార్జి అని ఆ లాటిన్ పొడి అక్షరాలకు అర్థం. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, పాత సైనిక రైఫిళ్లను సేకరించే విదేశీయుల రాతల వల్ల తెలిసింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఇదొక పెద్ద వ్యాపకం. యుద్ధాలు ముగిశాక సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్లను కొంటారు. తుప్పు తుడిచి, చెక్కకు నూనె పట్టించి, ముద్రలు చదివి ఏ కర్మాగారంలో ఏ ఏట పుట్టిందో తేలుస్తారు. సెలవు రోజున రేంజికి తీసుకువెళ్లి కాగితపు గురి మీద కాలుస్తారు. వారిలో ఇషాపూర్ తుపాకులకు ప్రత్యేకంగా అభిమానులున్నారు. ముందు చెక్క గుండా అడ్డంగా దిగిన ఒక మరను చూసి ఇది భారతదేశంలో తయారైందని గుర్తుపడతారు. ఆ మరకు వాళ్లు పెట్టిన పేరే ఇషాపూర్ స్క్రూ. హుగ్లీ ఒడ్డునున్న ఒక భారతీయ కర్మాగారం చరిత్ర మన చరిత్ర పుస్తకాల్లో కంటే టెక్సాస్‌లోని ఒక రిటైర్డ్ మెకానిక్ నోటనే వివరంగా వినిపించే అవకాశం ఉంది.

అదే రైఫిల్‌ను భారత పౌరుడు సొంతం చేసుకోలేడు. .303 మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు. లైసెన్సున్న పౌరుడికి ఇషాపూర్ తయారుచేసి అమ్మేది .315 రైఫిల్. అది కూడా అదే కుటుంబానికి చెందిన బోల్టు తుపాకీ. తేడా తూటాలోనే ఉంది. సైన్యం నుంచో ఠాణా నుంచో దారితప్పిన .303 తూటా అందులో ఇమడదు. ఇది సాంకేతిక వివరంలా కనిపించే రాజకీయ నిర్ణయం. నూట అరవై ఏళ్లకు పైబడిన ఒక పాలనా స్వభావం ఆ గొట్టపు కొలతలో దాగి ఉందని నా అభిప్రాయం.

మొదలు 1857లో ఉంది. ఆ ఏడాది మార్చి 29న మంగళ్ పాండే తిరగబడిన బరాక్‌పూర్, ఇషాపూర్‌కు కొన్ని కిలోమీటర్ల దూరమే. కొవ్వు పూసిన తూటాల కథ అందరికీ తెలిసిందే. ఆ తూటాలు వాడే ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు తిరుగుబాటు అణచివేత తర్వాత ఏమైందో అంతగా తెలియదు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటేనే గుండు గిరగిర తిరుగుతూ దూరం వెళ్తుంది, గురి తప్పదు. దేశీ సిపాయిల కోసం బ్రిటిషువారు చూడటానికి అచ్చం ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి, లోపల ఆ గాళ్లు లేని నున్నటి గొట్టపు తుపాకీని తయారుచేయించారు. కవాతులో తెల్ల సైనికుడి భుజానా నల్ల సైనికుడి భుజానా ఒకే తుపాకీ కనబడుతుంది. కాల్చవలసి వస్తేనే తేడా తెలుస్తుంది. పర్వత దళాలను మినహాయించి ఫిరంగులన్నీ తెల్లవారి చేతికి పోయాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు భారతీయ దళాలకు బ్రిటిష్ దళాల కంటే ఒక తరం పాతబడిన ఆయుధాన్ని ఇవ్వడం ఆనవాయితీ అయింది. ఆ వెనుకబాటు నీడ 1914 దాకా పడింది. ఆ సెప్టెంబరులో ఫ్రాన్సులోని మార్సేల్స్‌లో దిగిన భారత దళాలకు అక్కడికక్కడే కొత్త రైఫిళ్లు ఇచ్చి యుద్ధానికి పంపవలసి వచ్చింది.

సిపాయి మీదే అంత అనుమానముంటే సామాన్యుడి మాట చెప్పాలా? 1878 మార్చిలో వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల చట్టాన్నీ ఆయుధాల చట్టాన్నీ దాదాపు ఏకకాలంలో తెచ్చింది. మొదటిది బెంగాలీ, మరాఠీ వంటి దేశభాషా పత్రికలకే గాని ఆంగ్ల పత్రికలకు వర్తించదు. రెండోది భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి ఐరోపావారికి మినహాయింపు దక్కేలా చూసింది. వృత్తిరీత్యా నాకు మొదటి చట్టం మీద కోపం ఎక్కువ. అయితే దాన్ని రిపన్ త్వరలోనే రద్దు చేయగా, రెండోది స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొనసాగింది.

ఇక పోలీసు సంగతి. .303 లీ ఎన్‌ఫీల్డ్ ఇషాపూర్‌లోనే తయారవుతున్న కాలంలో, వాటిలో అనేకం .410 మస్కెట్లుగా మార్చారు. గొట్టాన్ని వెడల్పు చేసి, గాళ్లు తీసేసి, పది తూటాలు పట్టే మేగజీన్ చోట చెక్క దిమ్మె బిగించారు. ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చవలసిందే. సైన్యపు తూటా అందులో పనికిరాదు. పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చిందివి. తుపాకీ శత్రువు చేతికి చిక్కినా, పోలీసే శత్రువుగా మారినా సర్కారుకు నష్టం తక్కువ. ఆయుధం కావలసిన వాడు ఠాణా తలుపే పగలగొట్టవలసిన కాలమది. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా చేసిన దాడులు అందుకే. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్‌లో సూర్యసేన్ దళం సహాయక సైన్యపు ఆయుధాగారాన్ని ఛేదించి రైఫిళ్లను, లూయిస్ మరతుపాకులను పట్టుకుంది గాని వాటి తూటాలు దొరకలేదు. నాలుగు రోజుల తర్వాత జలాలాబాద్ కొండ మీద సైన్యాన్ని ఎదుర్కొన్నది పోలీసు మస్కెట్లతోనే.

పాత రైఫిల్‌ను ప్రేమించే విదేశీ మిత్రులు తరచుగా మురిసిపోయే విషయమొకటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ సైనికుడు మూడు వందల గజాల దూరంలోని గురి మీద ఒక్క నిమిషంలో పదిహేను తూటాలు కాల్చవలసి ఉండేది. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు అంత వేగంగా కదులుతుంది మరి. నేటికీ రేంజిల్లో ఆ పరీక్షను సరదాగా అనుకరిస్తారు. ఆ వీడియోలు చూసినప్పుడల్లా నాకు వేరే లెక్క గుర్తుకొస్తుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ యాభై మందితో కాల్పించాడు. ఖర్చయిన తూటాలు 1,650. కాల్పులు సాగింది సుమారు పది నిమిషాలు. అంటే మనిషికి ముప్పై మూడు తూటాలు, నిమిషానికి మూడుకు కాస్త ఎక్కువ. ఆ రైఫిల్ శక్తిలో అది నాలుగో వంతు కూడా కాదు. బెదిరిపోయిన సైనికులు విచక్షణ కోల్పోయి కాల్చారని ఎవరైనా అంటే ఈ భాగహారం ఒప్పుకోదు. కాల్చారు, ఆగారు, తూటాలు నింపుకున్నారు, జనం గుమిగూడిన వైపుకు గురి మార్చి మళ్లీ కాల్చారు. డయ్యర్ కూడా హంటర్ కమిటీ ముందు ఇంచుమించు అదే చెప్పాడు. అధికారిక లెక్కలో మృతులు 379 మంది. ట్రిగ్గర్ నొక్కిన ఆ యాభై మందీ భారత సైన్యపు సిపాయిలే. అప్పటికి వారి చేతికి మంచి రైఫిల్ వచ్చింది.

అందువల్ల ఆయుధాల చట్టం జాతీయోద్యమంలో చిన్న విషయంగా ఉండలేదు. ఒక జాతిని నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన అతి నల్లని పనిగా చరిత్ర చూస్తుందని 1918లో సైన్యంలో చేరమని కోరుతూ వేసిన కరపత్రంలో అన్నది గాంధీయే. 1930 జనవరిలో ఆయన ఇర్విన్ ముందుంచిన పదకొండు కోర్కెల్లో ఉప్పు పన్ను రద్దుతో పాటు ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు కూడా ఉన్నాయి. ఉప్పు గుర్తుండిపోయింది, తుపాకీ మరుగున పడింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ కరాచీ మాటనే గుర్తుచేస్తూ సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పరాయి ప్రభుత్వం పాలితుల మీద అపనమ్మకంతో ఆయుధాలు లాక్కుంది కాబట్టి అప్పుడు ఆ హక్కు కోరామనీ, ఎవరుపడితే వారు బజారుకెళ్లి ఆయుధం కొనగలిగితే ప్రభుత్వ నిర్వహణే సాధ్యం కాదనీ ఆయన వాదన. విభజన నెత్తురు ఆరని రోజుల్లో ఆ మాట సబబే. నేనైనా అటే ఓటు వేసేవాణ్ని. అయితే అంబేడ్కర్ తిరస్కరించింది అదుపులేని హక్కును మాత్రమే. పాలితుల మీద పరాయి ప్రభుత్వం పెంచుకున్న అపనమ్మకానికి ఆయన ముద్ర వేయలేదు. మన హోం శాఖలు మాత్రం ఆ రెంటినీ కలిపేసుకున్నాయి. పాత చట్టం దేశం మొత్తాన్ని నిరాయుధం చేయడానికి ఉద్దేశించిందని 1959 బిల్లు ఉద్దేశాల ప్రకటనే ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా నిషిద్ధ బోరు నిషిద్ధంగానే ఉండిపోయింది.

మినహాయింపు లేకపోలేదు. కొడగులో కొడవలకూ జమ్మా భూములున్నవారికీ బ్రిటిషువారు 1861లో ఇచ్చిన లైసెన్సు మినహాయింపు ఇప్పటికీ అమల్లో ఉంది. కేంద్రం 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది, కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. కైల్‌పోళ్దు పండుగకు తుపాకులకు పూజ చేస్తారు. అలా పొడిగించిన ఏడాదే పార్లమెంటు మిగతా దేశంలో లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. బిల్లులో మొదట ఒకటే అన్నారు. విధేయుడికి పరాయి పాలకుడు ఇచ్చిన బహుమానం ఆచారంగా చెల్లుతోంది, పౌరుడు తన గణతంత్రాన్ని అడిగితే అనుమానాస్పదుడవుతున్నాడు.

1962లో చైనా సరిహద్దులో మన జవాన్లలో చాలామంది చేతుల్లో ఉన్నది ఈ బోల్టు రైఫిలే. ఆ పరాభవం తర్వాత ఇషాపూర్ అదే నమూనాను గట్టి ఉక్కుతో, 7.62 తూటాకు, పన్నెండు తూటాల మేగజీన్‌తో మళ్లీ తయారుచేసింది. 2ఏ, 2ఏ1 అనే ఆ రైఫిళ్లు తర్వాత అమెరికా సర్‌ప్లస్ దుకాణాలకు చేరాయి. కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చిన ఆ తుపాకీని అమెరికన్ పౌరుడు కొనుక్కోవచ్చు, కావాలంటే గొట్టం కోసి పొట్టి చేసుకోవచ్చు. తయారుచేసిన కార్మికుడి కొడుక్కి ఆ వీలు లేదు.

అమెరికా దారి మనకు వద్దు. అక్కడి బడుల్లో జరుగుతున్నది చూశాక ఆ మాట అనడానికి ధైర్యం అక్కరలేదు. ఆయుధం రాజ్యం చేతిలోనే ఉంటే పౌరుడు క్షేమమన్న మాటా నేను నమ్మను. 1987లో హాషింపురాలో ముస్లిం యువకులను లారీలో తీసుకెళ్లి కాలువ ఒడ్డున కాల్చింది యూపీ పీఏసీ జవాన్లు; వారు వాడింది త్రీ నాట్ త్రీలే. పదహారు మందికి ఢిల్లీ హైకోర్టు శిక్ష వేయడానికి 2018 దాకా పట్టింది. 1971 మార్చి 25 రాత్రి ఢాకా రాజర్‌బాగ్ లైన్లలో బెంగాలీ పోలీసులు పాకిస్తాన్ సైన్యాన్ని ఎదిరించింది కూడా ఈ రైఫిళ్లతోనే. ఇనుముకు పక్షం లేదు.

2020 గణతంత్ర దినోత్సవం నాడు యూపీ పోలీసులు ఈ రైఫిల్‌కు లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. పాతదైంది, ముంబై దాడుల రాత్రే దాని కాలం చెల్లిందని తేలిపోయింది. పోవలసిందే. నా అభ్యంతరం పోయే పద్ధతి మీద. ప్రతి తుపాకీ మీదా కర్మాగారం, సంవత్సరం, సంఖ్య ఉంటాయి. కొన్నిటి మీద దళాల ముద్రలుంటాయి. జలియన్‌వాలాబాగ్ ఏటివి, క్విట్ ఇండియా ఏటివి, తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచిన ఏళ్లవి ఏ జిల్లా ఆయుధాగారంలోనో ఇప్పటికీ ఉండవచ్చు. పేలకుండా చేసి మ్యూజియానికో, విశ్వవిద్యాలయానికో ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు. కనీసం కొలిమిలో వేసే ముందు ఆ ముద్రలు రాసిపెట్టవచ్చు.

మీలో సాయుధ రిజర్వు స్టోర్సులోనో, ఠాణా కోత్‌లోనో పనిచేసినవారుంటే మీరు చూసిన త్రీ నాట్ త్రీల మీద ఏ ముద్ర, ఏ సంవత్సరం ఉండేదో నాకు రాయండి. నేను మోసిన డీపీ రైఫిల్ మీది సంవత్సరంలో మొదటి రెండంకెలు మాత్రమే నాకు గుర్తున్నాయి.