ఒకటి కొంటే ఒకటి ఉచితం.. వాపసు ఇవ్వాలంటే?

మేడ్చల్, శామీర్‌పేట: ఆషాఢం వచ్చిందంటే వస్త్ర దుకాణాల ముందు బోర్డులు మారిపోతాయి. పెళ్లిళ్లు ఉండని ఆ మాసంలో నిల్వ సరుకును అమ్ముకునేందుకు వ్యాపారులు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’, ‘రెండు కొంటే మూడోది ఉచితం’ అంటూ ఆకర్షిస్తారు. దసరా, సంక్రాంతికి కూడా ఇదే సందడి. జాతీయ రహదారిపై ఉన్న మేడ్చల్‌కైనా, రాజీవ్ రహదారిపై ఉన్న శామీర్‌పేటకైనా చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చే కుటుంబాలు నెల జీతంలో కొంత మిగులుతుందన్న ఆశతోనే ఈ బోర్డుల వైపు చూస్తాయి. చిక్కంతా ఇంటికి వెళ్లి సంచి విప్పాకే మొదలవుతుంది. ఉచితంగా వచ్చిన చీరకు చిరుగు కనిపిస్తుంది. దుకాణానికి తీసుకెళితే ‘అది ఊరికే ఇచ్చింది, దానికి వాపసు ఉండదు’ అన్న సమాధానం ఎదురవుతుంది. ఈ మాట చట్టం ముందు నిలుస్తుందా? ఏ సందర్భంలో ఏమి అడగవచ్చు? కొనుగోలుదారులు తెలుసుకోవలసిన వివరాలివి.

ఉచితం కాదు.. రెండింటికీ ఒకే ధర

‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ పథకంలో రెండో వస్తువు దానం కాదు. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2019 మార్చి 7న జారీ చేసిన 92వ నంబరు సర్క్యులర్‌లో దీనిపై స్పష్టత ఇచ్చింది. ఇలాంటి అమ్మకాన్ని ఒక వస్తువు ధరకు రెండు వస్తువులు సరఫరా చేసినట్లుగానే భావించాలని పేర్కొంది. ఇది జీఎస్‌టీ లెక్కల కోసం ఇచ్చిన వివరణే అయినా, కొనుగోలుదారు చెల్లించిన సొమ్ములో రెండింటి ధరా ఇమిడి ఉందన్న సంగతిని తేటతెల్లం చేస్తోంది.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 కూడా ఇదే దిశలో ఉంది. వసూలు చేసిన సొమ్ములోనే పూర్తిగా గానీ, కొంత గానీ ధర కలిపి ఉన్న వస్తువును ఉచితంగా ఇస్తున్నట్లు భ్రమ కల్పించడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి ‘ఉచిత’ వస్తువులో లోపం ఉన్నా, డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఉన్నట్లుగానే నిలదీసి అడగవచ్చు.

లోపం ఉంటే 30 రోజుల గడువు

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు అడుగున అచ్చు వేసినంత మాత్రాన దుకాణదారు బాధ్యత తీరిపోదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని, చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం చెబుతోంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా ఇది జరగాలి. నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ప్రమాణాల్లో ఉండవలసిన దానికంటే తక్కువ ఉంటే అది లోపమే.

నగదుకు బదులు ‘ఈ చీటీతో మరోసారి కొనుక్కోండి’ అనడం చాలా దుకాణాల్లో అలవాటు. ఇష్టమైతే చీటీ తీసుకోవచ్చు. లోపమున్న సరుకు విషయంలో చట్టం చెబుతున్నది మాత్రం చెల్లించిన సొమ్ము వాపసు గురించే.

నచ్చకపోతే షరతులే దిక్కు

రంగు నచ్చలేదని, కొలత సరిపోలేదని తిరిగి ఇచ్చే సందర్భం వేరు. లోపం లేని సరుకును దుకాణదారు వెనక్కి తీసుకోవాలని చట్టం నిర్బంధించదు. మార్పిడికి ఎన్ని రోజులు, నగదు ఇస్తారా లేదా అన్నది దుకాణం పెట్టుకున్న షరతులపై ఆధారపడి ఉంటుంది. రాయితీ సరుకుకు మార్పిడి లేదన్న బోర్డు ఉంటే కొనే ముందే చూసుకోవాలి.

లెక్క ఎలా వేస్తారు?

ఉదాహరణకు రూ.600 చొక్కాలు రెండు కొంటే మూడోది ఉచితం అనుకుందాం. చెల్లించింది రూ.1,200. కొన్ని బిల్లుల్లో ఒక్కో చొక్కా రూ.400గా, మరికొన్నింటిలో రూ.600, రూ.600, సున్నాగా నమోదవుతుంది.

* నచ్చక ఒకటి తిరిగి ఇస్తే: మిగిలిన రెండింటి విడి ధర రూ.1,200 అవుతుంది. విడి ధర లెక్క వేసే దుకాణంలో చేతికి పైసా రాదు.

* నచ్చక రెండు తిరిగి ఇస్తే: ఉంచుకున్న దానికి రూ.600 పట్టుకుని మిగతా రూ.600 ఇస్తారు.

* ఒకదానిలో లోపం ఉంటే: ముందుగా అదే రకం మరొకటి అడగాలి. నిల్వ లేకపోతే మూడో వంతు, అంటే రూ.400 కోరడం న్యాయం. లేదా మూడూ అప్పగించి రూ.1,200 అడగవచ్చు. బిల్లులో ‘సున్నా’ ఉందన్న సాకు ఇక్కడ చెల్లదని వాదించడానికి పైన చెప్పిన సర్క్యులర్ ఆధారం అవుతుంది.

ఈ విభజనకు చట్టంలో ప్రత్యేక సూత్రం లేదు. అందుకే ‘ఒకటి తిరిగి ఇస్తే ఎంత వస్తుంది’ అని డబ్బు కట్టే ముందే అడిగి, బిల్లుపై రాయించుకోవడం ఉత్తమం.

ధర పెంచి ‘ఉచితం’ అంటే..

పథకం కోసమే ధర పెంచి, లేదా సరుకు నాణ్యత తగ్గించి ‘ఉచితం’ అని ప్రచారం చేయరాదని 2022 జూన్ 9న వెలువడిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నిరోధక మార్గదర్శకాలు నిర్దేశించాయి. ప్యాకెట్లపై ముద్రించే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. ఎమ్మార్పీపై రాయితీ ప్రకటించి, ఆ తగ్గింపు ధరపై మళ్లీ వ్యాట్ వసూలు చేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017 జనవరిలో తీర్పు ఇచ్చింది. సబ్బులు, బిస్కెట్లు, నూనె వంటివి జతగా కట్టి అమ్మేటప్పుడు ప్రతి ప్యాకెట్‌పైనా గడువు తేదీని విడివిడిగా చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొన్నవారికి కూడా రక్షణ ఉంది. లోపమున్నా, ప్రకటనలో చెప్పినట్లు లేకపోయినా అమ్మకందారు వాపసుకు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

బిల్లే ఆధారం

బిల్లు లేకపోతే వాదన బలహీనపడుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. రూ.200 లోపు చిన్న కొనుగోలుకు సైతం అడిగితే జీఎస్‌టీ నమోదు ఉన్న దుకాణదారు బిల్లు ఇవ్వాలి. ఆఫర్ బోర్డును సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ధర చీటీలు తెంచకుండా, సరుకు వాడకుండా, ఉతకకుండా ఉంచాలి. లోపం కనిపించిన రోజే దుకాణానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. వాట్సాప్ సందేశమైనా రుజువుగా పనికొస్తుంది.

ఫిర్యాదు ఎక్కడ?

మొదట 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. సరుకు విలువ రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది.

ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే అవకాశాన్ని 2019 చట్టం కల్పించింది. చీర కొన్నది సికింద్రాబాద్‌లో అయినా, ఉంటున్నది మేడ్చల్‌లో అయితే సొంత జిల్లా పరిధిలోనే ఫిర్యాదు చేయవచ్చు. సరుకు మార్చి ఇవ్వాలని, సొమ్ము వడ్డీతో చెల్లించాలని, పరిహారం ఇవ్వాలని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

మోసపూరిత ఆఫర్ ఒక్కరికే కాక అనేకులకు నష్టం కలిగిస్తుంటే జిల్లా కలెక్టర్‌కూ ఫిర్యాదు పంపవచ్చని చట్టం చెబుతోంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా సమీకృత కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో 2022 ఆగస్టులో ప్రారంభమైంది.

నాలుగు వందల రూపాయల కోసం ఎవరు తిరుగుతారని చాలామంది వదిలేస్తుంటారు. ఆ నాలుగు వందలు ఒక దినసరి కూలీ రోజంతా పడిన కష్టం కావచ్చు. బిల్లు భద్రపరచుకుని, గడువులోగా అడిగితే దాన్ని వదులుకోవలసిన అవసరం లేదు.