సరంగుది ఏ భాష?

మా ఉండి ప్రాంతంలో కాలువ లాకులు కాచే మనిషిని లస్కరు అంటారు. గోదారి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. రెండు మాటల మూలమూ ఫారసీయే. లష్కర్ అంటే సైన్యం. సర్‌హంగ్ అంటే దళనాయకుడు. ఓడలెక్కి రేవులు తిరిగి, దొరల నోట నలిగి, చివరికి మా కాలువ గట్టు చేరాయి. వాటినెవరూ తురక మాటలనరు. మమ్మల్ని మాత్రం ఇప్పటికీ అడుగుతారు: "మీరు ఇంట్లో తురకం మాట్లాడతారా, తెలుగా?"

రెండూ మాట్లాడతాం. అమ్మీతో ఉర్దూ, చేపల బేరానికి తెలుగు, కోపమొస్తే ఏది ముందొస్తే అది. మా దూదేకుల సోదరుల ఇంటి భాష తెలుగే. అంతమాత్రాన వాళ్ళ నమాజు తక్కువైందా? అయినా జనాభా లెక్కల కాగితంలో మాతృభాషకి గడి ఒక్కటే. అందులో మా ఇల్లు పట్టదు.

అలా ఒక్క గడిలో పెట్టేసిన నౌకాదళ అధికారి కుటుంబం ఒకటుంది. వైస్ అడ్మిరల్ సయ్యద్ మొహమ్మద్ అహ్సాన్ మన హైదరాబాద్‌లో పుట్టారు. రాయల్ ఇండియన్ నేవీలో చేరి, దేశ విభజనతో పాకిస్తాన్ వెళ్ళి, జిన్నాకి నౌకాదళ ఏడీసీగా పనిచేశారు. 1966 నుంచి 1969 దాకా పాకిస్తాన్ నౌకాదళాధిపతి. ఆయనది 'ఉర్దూ మాట్లాడే కుటుంబం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే. కానీ ఏ ఊరి ఉర్దూ? హైదరాబాద్ బజార్లో వద్దనడానికి 'నక్కో' అంటారు. అది మరాఠీ 'నకో'. నిజాం కొలువులో 1880ల దాకా ఫారసీ నడిచింది, తర్వాత ఉర్దూ వచ్చింది. కొలువు దాటితే రాజ్యమంతా తెలుగు, మరాఠీ, కన్నడం. నౌకాదళంలో అధికారుల భాష ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగిన మనిషిని ఒక్క మాటతో సరిపెట్టారు.

ఆ హైదరాబాద్ రాజ్యంలోనే చదువుకున్న మరొకాయన రామదాస్ కటారి. 1911లో చెంగల్పట్టులో, తమిళుల మధ్య, తెలుగింట పుట్టారు. 1958లో భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. కటారి తెలుగు ఆయన మతానికి గుర్తు కాలేదు. మరి అహ్సాన్ ఉర్దూ ఎందుకయింది?

మతానికో భాష కట్టిపెడితే ఏమవుతుందో ఢాకా చెప్పింది. 1948 మార్చిలో జిన్నా అక్కడికి వెళ్ళి రాజభాష ఉర్దూయే, మరొకటి కాదన్నాడు. 1952 ఫిబ్రవరి 21న బంగ్లా కోసం వీధికెక్కిన విద్యార్థుల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. కాల్చిందీ ముస్లిం రాజ్యమే, చచ్చిందీ ముస్లిం బిడ్డలే.

ఆ నేలకే 1969లో అహ్సాన్ గవర్నరుగా వెళ్ళారు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలిచింది. అయినా అధికారం ఇవ్వలేదు. జనం మీదికి సైన్యాన్ని తోలొద్దని ఈ ఉర్దూ ఇంటి బిడ్డ చెప్పారు. వినలేదు. 1971 మార్చిలో గవర్నరు పదవి వదిలి వచ్చేశారు. ఆ నెల 25న సైన్యం విరుచుకుపడింది. ఏడాది తిరక్కముందే బంగ్లాదేశ్ పుట్టింది. తర్వాత అక్కడి ఉర్దూ వాళ్ళు శిబిరాల పాలయ్యారు. వాళ్ళూ పౌరులేనని ఢాకా హైకోర్టు చెప్పేసరికి 2008 వచ్చింది. బంగ్లాని కాల్చినవాళ్ళూ, ఉర్దూని శిబిరంలో పెట్టినవాళ్ళూ చేసిన తప్పు ఒకటే. మనిషి నాలుక చూసి మనసు లెక్కగట్టారు.

అహ్సాన్ ఇంటి భాష ఉర్దూ. ఆయన నిలబడింది బంగ్లా మాట్లాడే జనం పక్షాన. ఇంటి భాషని బట్టి మనిషి పక్షం తెలుస్తుందనేవాళ్ళు దీనికేమంటారు?

ఉర్దూ రాకపోతే నువ్వేం ముసల్మానువని ఒకరంటారు. ఉర్దూ మాట్లాడితే నువ్వేం తెలుగువాడివని ఇంకొకరంటారు. ఇద్దరికీ మా జవాబొకటే. మా ఇంట్లో రెండు భాషలున్నాయి, రెండూ మావే. కాదంటారా? అయితే ముందు మా కాలువ మీద లస్కరుని ఏ గడిలో రాస్తారో చెప్పండి.