గిటారు బిరడాలు, వాటి మరమ్మతుల చరిత్ర

గిటారు తీగను బిగించి శ్రుతిలో నిలిపే బిరడా మొదట్లో కేవలం కొయ్య ముక్క. క్రెమోనాలో ఆంటోనియో స్ట్రాడివరి 1679లో చేసిన ‘సబియోనారి’ గిటారు నేటికీ మిగిలి ఉంది. ఐదు జతల తీగలున్న ఆ కాలపు గిటార్లలో తల భాగం చదునైన పలకలా ఉండేది. బిరడాలను వెనక వైపు నుంచి దూర్చేవారు. ఒక కొనకు సన్నబడుతూ పోయే కొయ్యను అదే వాలుతో తొలిచిన రంధ్రంలోకి నొక్కితే, తీగ లాగుడుకు ఎదురు నిలిచేది వాటి మధ్య రాపిడి ఒక్కటే. గాలిలో తేమ పెరిగితే కొయ్య ఉబ్బి బిగుసుకునేది, పొడి గాలికి కుంచించుకుపోయి జారేది.

అందుకు తగ్గట్టే మరమ్మతూ వడ్రంగి పనిలో భాగంగా ఉండేది. జారే బిరడాకు సుద్ద, బిగుసుకున్నదానికి సబ్బు పూసేవారు. విరిగితే కొత్తది చెక్కేవారు. ఏళ్ల తరబడి తిప్పగా రంధ్రం అరిగి వెడల్పైతే లావుపాటి బిరడా పెట్టేవారు. దానికీ అందనంత అరిగితే రంధ్రాన్ని గట్టి కొయ్యతో పూడ్చి, మళ్లీ తొలిచేవారు. ఈ పద్ధతిలోని గొప్పతనం చిన్నది కాదు. వాద్యం చేసిన చేతులే, అదే పనిముట్లతో, ఎన్నిసార్లయినా దాన్ని బాగుచేయగలిగేవి.

లోహపు మర వేరే వాద్యాల నుంచి వచ్చింది. 18వ శతాబ్దం రెండో సగంలో లండన్‌లో ‘ఇంగ్లిష్ గిటారు’ అనే లోహపు తీగల వాద్యానికి, గడియారం తాళంచెవితో తిప్పే బిగింపు మర వాడుకలో ఉండేది. వాటిలో ప్రెస్టన్ అనే తయారీదారు ముద్ర ఉన్నవి నేటికీ కనిపిస్తాయి. ఆరు తీగల గిటారుకు పళ్లచక్రాల మర కుదిరాక, 19వ శతాబ్దం మొదట్లో వియన్నాలో యోహాన్ గియోర్గ్ స్టాఫర్ ఆరు బిరడాలనూ తలకు ఒకే పక్కన వరసగా అమర్చి, చక్రాలను రేకు వెనక దాచాడు.

ఈ మరలో పిడి తిప్పితే మరచుట్లున్న కడ్డీ తిరుగుతుంది. అది ఒక చుట్టు తిరిగేసరికి పక్కనున్న చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. చక్రానికి 14 పళ్లుంటే, తీగ చుట్టుకునే స్తంభం ఒకసారి తిరగడానికి పిడిని 14 సార్లు తిప్పాలి. శ్రుతిని వెంట్రుకవాసి సవరించడం దీనివల్లే సాధ్యమైంది. అంతకంటే ముఖ్యమైనది, తీగ ఎంత లాగినా చక్రం కడ్డీని వెనక్కి తిప్పలేదు. అందుకే మన దేశంలోనూ కొందరు వైణికులు కొయ్య బిరడాల బదులు గిటారు తరహా కీలు పెట్టించుకున్నారు.

జర్మనీ నుంచి 1833లో న్యూయార్క్ చేరిన సి.ఎఫ్. మార్టిన్ తన తొలి గిటార్లకు స్టాఫర్ తరహా తలనే పెట్టాడు. కొయ్య బిరడా మాత్రం వెంటనే కనుమరుగు కాలేదు. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ రెండు రకాలూ వాడాడు. తల తేలికగా ఉంటుందని ఫ్లమెంకో గిటార్లకు నేటికీ కొయ్య బిరడాలు పెట్టేవారున్నారు.

మరను తప్పనిసరి చేసింది ఉక్కు తీగ. మార్టిన్ కంపెనీ 1922లో 2-17 నమూనాను ఉక్కు తీగల కోసమే తయారుచేసింది. నేటి సాధారణ ఉక్కు తీగల సెట్టు మొత్తం లాగుడు సుమారు 70 కిలోల బరువుకు సమానం. ఆ భారం చక్రాల మీద పడ్డాక అరుగుదల కొయ్య రంధ్రాన్ని వదిలి లోహానికి చేరింది. పళ్లు అరగడం, గిటారు కింద పడితే కడ్డీ వంగడం కొత్త జబ్బులయ్యాయి. మూడు మరలు ఒకే పట్టీకి బిగించిన రకంలో ఒక్కటి చెడ్డా పట్టీ మొత్తం మార్చవలసి వచ్చేది. చక్రం చిన్న స్క్రూతో బిగించి ఉంటే మాత్రం మరో పాత పట్టీ నుంచి చక్రాన్ని తీసి దీనికి అమర్చవచ్చు. రివెట్ కొట్టిన చవక రకాల్లో ఆ వీలు కూడా లేదు.

అన్నిటికంటే ఎక్కువగా చెడినవి పిడులు. 1925లో షికాగోలో మొదలైన క్లూసన్ కంపెనీ మరలు దశాబ్దాల పాటు అమెరికన్ గిటార్లలో కనిపించాయి. వాటి పాత ప్లాస్టిక్ పిడులు కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి, పొడిపొడిగా రాలిపోయాయి. దీని మరమ్మతు సులువు. మిగిలిన ముక్కలు తీసేసి, కడ్డీ కొనను సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి కొత్త పిడిని నొక్కితే, ప్లాస్టిక్ కొంచెం కరిగి చల్లారాక గట్టిగా పట్టుకుంటుంది.

చాలామంది ఆ ఓపిక చూపలేదు. గ్రోవర్, జర్మనీకి చెందిన షాలర్ కంపెనీలు గ్రీజు నింపి పూర్తిగా మూసిన మరలు తెచ్చాక, 1970లలో పాత గిటార్లకు వాటిని బిగించడం జోరందుకుంది. అవి చెడేది తక్కువే. అయితే వాటికి 10 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. పాత రంధ్రాలు సన్నవి కావడంతో తలను డ్రిల్లుతో వెడల్పు చేశారు. పిడి రాలిన మరను ఎప్పుడైనా మార్చవచ్చు గానీ, తొలిచేసిన కొయ్య తిరిగి రాదు. పాత గిటార్లకు ఎక్కువ నష్టం చేసింది విరిగిన మర కంటే ఈ తొందరపాటే. నేడు అలాంటి గిటార్లను పూర్వరూపానికి తెచ్చేవారు వెడల్పైన రంధ్రంలో లోపల సన్నగా ఉండే లోహపు బుష్‌ను ఇమిడ్చో, కొయ్యతో పూడ్చి మళ్లీ తొలిచో, పాత నమూనాలో కొత్తగా చేసిన మరలను బిగిస్తున్నారు.